వరదలో చేయందించినవాళ్ళనీ, అన్ని భాషల సంఘాలనీ ఒకే వేదిక మీద సత్కరించాలంటే

ప్రశ్న క్లుప్తంగా ఇది. విజయవాడ అజిత్‌సింగ్‌నగర్ వైపు ఒక కాలనీ సంఘం వాళ్ళు డిసెంబరు 5న వచ్చే అంతర్జాతీయ స్వచ్ఛంద సేవకుల దినోత్సవానికి దగ్గరగా, ఆ వారం ఆదివారం నాడు ఒక సభ పెట్టాలనుకుంటున్నారు. 2024 బుడమేరు వరద నుంచి ఇప్పటిదాకా తమ ప్రాంతంలో సేవ చేసినవాళ్ళని పిలిచి సత్కరించాలని కోరిక. తెలుగువాళ్ళతో పాటు ఉర్దూ మాట్లాడే కుటుంబాలు, మార్వాడీ, గుజరాతీ వ్యాపారులు, మలయాళీలు, సిక్కులు, ఒడిశా, బిహార్‌ల నుంచి వచ్చిన పనివాళ్ళు కూడా పాల్గొనాలి. సుమారు 300 మంది, చేతిలో లక్షన్నర రూపాయలు. ఏం చూసుకోవాలి, ఎక్కడ తేడా కొడుతుంది అని అడిగారు.

ముందు తేదీ మార్చుకోండి. 2026లో డిసెంబరు 5 శనివారం, కాబట్టి మీరు అనుకుంటున్న ఆదివారం 6వ తేదీ అవుతుంది. అది అంబేడ్కర్ వర్ధంతి. ఉదయం నుంచీ వాడవాడలా విగ్రహాల దగ్గర నివాళులు, సభలు, అన్నదానాలు ఉంటాయి. మీరు సత్కరించాలనుకునే యువకుల్లో చాలామంది ఆ పనుల్లోనే ఉంటారు. పోలీసులు బందోబస్తులో ఉంటారు. దానికి తోడు ఆ ఏడాది దీపావళి నవంబరు 8న కాబట్టి డిసెంబరు మొదటి వారం దాటేదాకా కార్తీకమే. కార్తీకంలో ఆదివారం అంటే సంఘాల వనభోజనాలు. వంటవాళ్ళు, షామియానా వాళ్ళు, మైకుసెట్టు వాళ్ళు ఒక్కరూ దొరకరు, దొరికినా రేటు పెంచుతారు. 5వ తేదీ శనివారం సాయంత్రమే పెట్టుకోండి. కుదరకపోతే 13వ తేదీ ఆదివారం సాయంత్రానికి జరపండి. ఆదివారం పొద్దున మాత్రం వద్దు, చర్చికి వెళ్ళేవాళ్ళు మధ్యాహ్నం దాకా రాలేరు.

ఇక అసలు పని జాబితా. సభ బాగా జరిగిందా లేదా అనేది షామియానా, శాలువాల మీద ఆధారపడదు. పిలవాల్సినవాళ్ళని పిలిచారా లేదా అన్నదే జనం గుర్తుపెట్టుకుంటారు. సంఘాలకి ఉత్తరాలు రాసి ‘మీలో సేవ చేసినవాళ్ళ పేర్లు పంపండి’ అంటే వచ్చేవి అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి పేర్లే. వాళ్ళు పనిచేయలేదని కాదు. మూడు వందల పొట్లాలు కట్టినవాళ్ళు, నడుం లోతు నీళ్ళలో క్యాన్లు మోసినవాళ్ళు, పడవ నడిపినవాళ్ళు, మంచం పట్టిన ముసలివాళ్ళని మేడ దించినవాళ్ళు ఆ ఉత్తరం చూడరు, చూసినా తమ పేరు తామే రాసుకోరు.

దీనికి బాగా పనిచేసే పద్ధతి ఒకటుంది. ఎవరూ తమ సంఘం వాళ్ళ పేరు ఇవ్వకూడదు, పక్క సంఘం వాళ్ళ పేర్లే ఇవ్వాలి. మసీదు కమిటీ వాళ్ళు తమ వీధికి సాయం తెచ్చిన చర్చి కుర్రాళ్ళ పేర్లు చెప్పాలి. చర్చి వాళ్ళు తమకి భోజనం పంపిన గురుద్వారా వాళ్ళ పేర్లు చెప్పాలి. అపార్ట్‌మెంట్ వాళ్ళు పక్కనున్న కూలీల షెడ్డులో ఎవరు తాడు పట్టుకుని నిలబడ్డారో కనుక్కుని చెప్పాలి. ఇలా చేస్తే సొంత మనిషిని ముందుకు తోసే గొడవ పోతుంది. పేరు కనుక్కోవడానికైనా పక్క గుమ్మం ఎక్కాలి, కాబట్టి మీరు కోరుకునే కలయిక సభకి నెల ముందే మొదలవుతుంది. ఒక్కో సంఘం మూడు నుంచి ఐదు పేర్లు ఇస్తే చాలు.

పేరుతో పాటు నాలుగు సంగతులు రాయించండి: ఏం చేశారు, ఎక్కడ, ఎప్పుడు, చూసినవాళ్ళు ఇద్దరు ఎవరు. ‘ఎంతో సేవ చేశారు’ అని రాసిన కాగితం వెనక్కి పంపండి. ‘రాజరాజేశ్వరిపేటలో మూడు రోజులు పడవ మీద పాలప్యాకెట్లు మేడల మీదికి అందించారు’ అన్నట్టు ఉండాలి. సభలో చదవాల్సింది ఆ ఒక్క వాక్యమే. బిరుదులూ విశేషణాలూ అక్కర్లేదు.

ఆడవాళ్ళ పేర్లు ఈ దశలోనే జారిపోతాయి. వంట చేసింది వాళ్ళు, వ్యాను మీద బ్యానర్ కట్టుకుని తిరిగింది మగవాళ్ళు. ఫొటోల్లో వ్యానే ఉంటుంది. ‘ఆ వంట ఎవరింట్లో జరిగింది, ఎవరెవరు తరిగారు, ఎవరు వండారు’ అని విడిగా అడగండి. జాబితాలో మూడో వంతు కూడా ఆడవాళ్ళు లేకపోతే మీరు సరిగ్గా అడగలేదనే లెక్క. 2024 సెప్టెంబరు 1న నీళ్ళు వచ్చాక సింగ్‌నగర్, పాయకాపురం వైపు రోజుల తరబడి నీళ్ళు నిలిచాయి. తగ్గాక ఇళ్ళలో పేరుకున్న బురదని ఫైరింజన్లతో కడిగారు. వేరే ఊళ్ళ మున్సిపాలిటీల నుంచి పారిశుద్ధ్య కార్మికులు వచ్చి వీధులు ఎత్తిపోశారు. ‘జీతం తీసుకుని చేశారు కదా’ అనేవాళ్ళు మీ కమిటీలోనే ఒకరిద్దరు ఉంటారు. మీ వీధి కార్మికుల్ని తప్పకుండా పిలవండి. ఆ బురద ఎత్తినవాళ్ళు లేని సేవకుల సభ ఆ కాలనీలో ఎవరికీ నచ్చదు.

ఆహ్వానంలో ‘వాలంటీర్లు’ అని ఒక్క మాట రాసి వదిలేస్తే మన రాష్ట్రంలో అందరికీ ఒకప్పటి ప్రభుత్వ వార్డు వాలంటీర్లే గుర్తొస్తారు, సభకి లేని రాజకీయం అంటుకుంటుంది. ‘సేవా కార్యకర్తలు’ అని రాయండి, సరిపోతుంది.

సంఘాలని డాన్సు ఐటమ్‌లకి పిలిచి పంపేయకండి. చాలా సభల్లో జరిగే పొరపాటు ఇదే. తెలుగువాళ్ళు ఏర్పాట్లు చేస్తారు, మిగతావాళ్ళు వేషం వేసుకుని వచ్చి ఆడి వెళ్తారు. వాళ్ళకి అది అతిథి మర్యాదలా ఉంటుంది తప్ప మన ఊరి పండగ అనిపించదు. తొమ్మిది మంది కమిటీ వేసి ఒక్కో సంఘం నుంచి ఒకరిని తీసుకోండి, అందులో కనీసం ముగ్గురు ఆడవాళ్ళు. ప్రతి సంఘానికీ ఒక బాధ్యత పూర్తిగా అప్పగించండి, అయితే ముందు అడిగి. లంగరు, అంటే అందరికీ పెట్టే ఉచిత భోజనం, నడిపిన అనుభవం ఉన్న గురుద్వారా వాళ్ళకి వడ్డన, గిన్నెల లెక్క తెలుసు. చర్చి గాయకబృందాల దగ్గర సొంత కీబోర్డులు, మైకులు ఉంటాయి, సౌండు సంగతి వాళ్ళకి వదిలేయొచ్చు. మలయాళీల్లో నర్సులు ఉంటే ప్రథమ చికిత్స బల్ల వాళ్ళది. శుక్రవారం జనాన్ని సర్దే మసీదు కుర్రాళ్ళు బళ్ళ పార్కింగు చూస్తారు. సరుకుల కొనుగోలు, లెక్కలు వ్యాపారుల సంఘానికి ఇవ్వండి. ఒక్క మినహాయింపు ఉంది. ఒడిశా, బిహార్ నుంచి వచ్చిన కూలీలకి మాత్రం ఆ రోజు కుర్చీలు మోసే పని పెట్టకండి. ఏడాది పొడుగునా బరువులెత్తేది వాళ్ళే. ఆహ్వానితులకి స్వాగతం చెప్పే బల్ల దగ్గర వాళ్ళలో ఇద్దరిని కూర్చోబెట్టండి, వాళ్ళ మనుషులు అప్పుడు ధైర్యంగా లోపలికి వస్తారు. మీకు దగ్గర్లో వడ్డేశ్వరంలోని కె.ఎల్. విశ్వవిద్యాలయంలో, నాగార్జున విశ్వవిద్యాలయంలో చదివే విదేశీ విద్యార్థులు ఉంటారు. వాళ్ళు మీ ప్రాంతంలో ఏదైనా పని చేసి ఉంటేనే పిలవండి, ఫొటోలో రంగు కోసం పిలవకండి.

సాయంత్రం సమయపట్టికని సూర్యాస్తమయం చుట్టూ కట్టాలి. ఇది తెలియక చాలా సభలు చెడతాయి. డిసెంబరు మొదటి వారంలో మన దగ్గర 5.35 ప్రాంతంలో పొద్దు గుంకుతుంది. జైనుల్లో నియమం పాటించేవాళ్ళు చీకటి పడ్డాక ఏమీ తినరు. ముస్లింలకి పొద్దు గుంకగానే మగ్రిబ్ నమాజు. పనివాళ్ళు ఆరు దాటితే గానీ పని దిగి రాలేరు, ముందే రమ్మంటే వాళ్ళ పూట కూలి పోతుంది. ఈ మూడూ కుదిరేలా ఇలా వేసుకోండి. నాలుగున్నరకి టీ. ఐదింటికి జైన కుటుంబాలకి భోజనం, ఐదున్నరకల్లా ముగియాలి. 5.30 నుంచి 6 దాకా మైకు పూర్తిగా ఆపేయాలి. హాల్లోనే ఒక శుభ్రమైన గది, చాపలు, కాళ్ళు చేతులు కడుక్కోవడానికి కుళాయి చూపించండి, పడమర ఎటో ముందే చెప్పి ఉంచండి. 6.10కి సభ మొదలు. పనివాళ్ళ పేర్లు జాబితాలో ఏడు గంటల తర్వాతికి వేయండి.

సన్మానాలకి లెక్క కట్టుకోండి. ఒక్కొక్కరికి పేరు పిలిచి, చేసిన పని ఒక వాక్యం చదివి, కండువా కప్పి, ఫొటో తీసేసరికి నిమిషంన్నర. 40 మందికి గంట. అంతకు మించి ఒక్కొక్కరిని వేదిక ఎక్కిస్తే జనం భోజనాల వైపు చూడటం మొదలుపెడతారు. 40 దాటితే పనిని బట్టి జట్లుగా పిలవండి: పడవలవాళ్ళంతా ఒకసారి, వంటవాళ్ళంతా ఒకసారి. మొత్తం 40 మందినీ వరసగా పిలవొద్దు. ఐదుగురికి సన్మానం, తర్వాత ఐదు నిమిషాల పాటో ఆటో, మళ్ళీ ఐదుగురు. ఇలా ఎనిమిది విడతలు. కోలాటం, దాండియా, ఖవ్వాలీ, తిరువాతిర, లంబాడీ ఆట ఏదైనా ఐదు నిమిషాలకి కత్తిరించమని ముందే చెప్పి, పాట పెన్‌డ్రైవులో తీసుకుని సంఘం పేరుతో ఫైలు పెట్టి, మధ్యాహ్నమే ఒకసారి మోగించి చూడండి. ఫోను నుంచి బ్లూటూత్‌లో పాట పెడితే సరిగ్గా చరణంలో ఫోనొస్తుంది. డప్పు ఉంటే దానికి మైకు పెట్టకండి, హాలు దద్దరిల్లుతుంది. కళాకారులు మారే వ్యవధి ఒక్కోసారి నిమిషంన్నర వేసుకుంటే మొత్తం రెండు గంటలకి కాస్త తక్కువ పడుతుంది, ఎనిమిదింబావుకి భోజనాలు.

ఈ లెక్కలో అతిథుల ఉపన్యాసాలకి మిగిలేది పది నిమిషాలే. అందరికీ కలిపి. వేదిక మీద కుర్చీలు సత్కారం అందుకునేవాళ్ళవి, ప్రజాప్రతినిధులు, అధికారులు మొదటి వరసలో కూర్చుంటారు, కండువాలు కప్పడానికి మాత్రం పైకి వస్తారు అని ఆహ్వానం ఇచ్చేటప్పుడే చెప్పండి. ఎక్కువమంది సంతోషంగానే ఒప్పుకుంటారు. అతిథి కోసం సభ ఆపకండి, వచ్చినప్పుడు వస్తారు. మీరు తీసుకున్న హాలు నగరపాలక సంస్థది అయితే ప్రోటోకాల్ ప్రకారం ఎవరెవరి పేర్లు వేయాలో సర్కిల్ ఆఫీసులో అడిగి రాతపూర్వకంగా తెచ్చుకోండి. ఆ సమయానికి ఏదైనా ఎన్నికల కోడ్ అమల్లో ఉంటే ప్రజాప్రతినిధులని పిలవకుండా ఉండటమే తేలిక.

సభ ఎలా మొదలుపెట్టాలి అన్నది చిన్న విషయంలా కనపడుతుంది గానీ కాదు. జ్యోతి వెలిగించడం, కొబ్బరికాయ కొట్టడం మనకి అలవాటు, కొందరికి వాళ్ళ నమ్మకం ఒప్పుకోదు. అన్ని మతాల ప్రార్థనలూ వరసగా పెడితే ఇరవై నిమిషాలు పోతుంది, ఎవరిది ముందు అన్న తగువు మిగులుతుంది. రాజ్యాంగ పీఠికని తెలుగులో అందరూ నిలబడి చదివితే రెండు నిమిషాల్లో అయిపోతుంది, ఎవరికీ ఇబ్బంది ఉండదు. గుమ్మం దగ్గర బొట్టు పెట్టే పళ్ళెం బదులు పన్నీరు చల్లండి, అది అన్ని ఇళ్ళలోనూ ఉన్న మర్యాదే. ఆడవాళ్ళకి కండువా ఆడవాళ్ళే కప్పాలి లేదా చేతికి ఇవ్వాలి. దండలు వద్దు.

భోజనం గురించి కొంచెం వివరంగా చెబుతాను, బడ్జెట్‌లో సగం పోయేది ఇక్కడే. మొత్తం శాకాహారం పెట్టండి. కార్తీకం, శనివారం, అయ్యప్ప దీక్షలు, భవానీ దీక్షలు అన్నీ కలిసి ఉన్నాయి. హలాల్ ప్రశ్న కూడా రాదు. ఉల్లి, వెల్లుల్లి లేకుండా వంటంతా చేయించి, ఒక్క కూర మాత్రం ఉల్లితో చేయించి దాని మీద చీటీ పెట్టండి. దీనికి తిరగేసి చేస్తే, అంటే అందరికీ మామూలు వంట, జైనులకి వేరే గిన్నె అంటే, వడ్డనలో గరిటెలు కలిసిపోతాయి. ఒక్కసారి గరిటె మారితే ఆ కుటుంబాలు నోటికి ఏమీ చెప్పకుండా లేచి వెళ్తాయి. జైనులు ఆలుగడ్డ, క్యారెట్, బీట్‌రూట్, చేమ లాంటి దుంపలు తినరు, పచ్చి అల్లం కూడా వద్దంటారు. బీర, సొర, దొండ, అరటికాయలతో నడిపించండి, ఇంగువ పోపు వేస్తే రుచికి లోటుండదు. మాలలో ఉన్న స్వాములు బయట వండింది తినకపోవచ్చు, వాళ్ళకి అరటిపళ్ళు, పాలు విడిగా ఉంచండి. వంటని దేవుడికి నైవేద్యం పెట్టి ప్రసాదం అనకండి. ఆ మాట విన్నాక ముస్లింలూ, క్రైస్తవుల్లో చాలామందీ తినరు.

300 మందికి: తెల్లన్నానికి 24 కిలోల బియ్యం, పులిహోరకి 12 కిలోలు, పప్పుకీ సాంబారుకీ కలిపి 12 కిలోల కందిపప్పు, రెండు కూరలకి 35 కిలోల కూరగాయలు, 35 లీటర్ల పెరుగు, 30 లీటర్ల సేమ్యా పాయసం. సాయంత్రం టీకి 18 నుంచి 20 లీటర్ల పాలు. తాగే నీళ్ళు 20 లీటర్ల క్యాన్లు 15 నుంచి 18, చేతులు కడగడానికీ గిన్నెలకీ నీళ్ళు వేరు. తక్కువ పడేది ఎప్పుడూ అన్నం కాదు, పెరుగు. చివరి బంతిలో వాళ్ళకి మజ్జిగ పోసే పరిస్థితి రాకుండా ఐదు లీటర్లు పక్కన పెట్టించండి, అంత పనీ చేసి ఆలస్యంగా కూర్చునేది మీ కార్యకర్తలే. బఫే కాకుండా బంతి వేయండి. 150 మంది చొప్పున రెండు బంతులు, ఒక్కో బంతి 25 నిమిషాలు, వడ్డనకి పన్నెండు మంది. మొదటి బంతిలో సత్కారం అందుకున్నవాళ్ళు, వాళ్ళ ఇంటివాళ్ళు. వడ్డించేది కమిటీ. వచ్చిన అతిథులు ఇష్టపడితే వాళ్ళ చేతికీ ఒక గరిటె ఇవ్వండి. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, థర్మాకోల్ అలంకరణ 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం, అరిటాకులు లేదా వక్క పళ్ళేలు చెప్పండి. వేదిక వెనక గుడ్డ బ్యానరే కట్టండి. గ్యాసు సిలిండర్లు షామియానా గుడ్డకి దూరంగా, గాలి ఆడే చోట ఉండాలి.

ఆహ్వానపత్రం, ప్రశంసాపత్రం దగ్గర జరిగే తప్పులు మనసుకి తగులుతాయి. మన వైపు షేక్ అని ఇంటిపేరున్న వాళ్ళందరినీ ప్రెస్సువాళ్ళు ‘ఎస్‌.కె.’ అని కొట్టేస్తారు. పత్రం మీద అసలు పేరు పోయి రెండక్షరాలు మిగులుతాయి. మలయాళీ పేరుకి ముందూ వెనకా ఉన్న అక్షరాలు తారుమారవుతాయి, గుజరాతీ పేరు మధ్యలో ఉండే తండ్రి పేరు ఎగిరిపోతుంది. ఆడవాళ్ళని ‘ఫలానావారి సతీమణి’ అని వేస్తారు. ప్రతి మనిషి చేతా వాళ్ళ పేరు తెలుగులోనూ, వాళ్ళ భాషలోనూ రాయించుకోండి, రాయడం రానివాళ్ళు పలికింది ఫోనులో రికార్డు చేసుకోండి. సభ నిర్వహించేవాళ్ళు రెండు రోజుల ముందు ఆ రికార్డులన్నీ విని పలికి చూసుకోవాలి.

ఇంకొకటి డీటీపీ సంగతి. మీరు వాట్సాప్‌లో పంపే తెలుగు యూనికోడ్ అనే అక్షర పద్ధతిలో ఉంటుంది. మన ఊళ్ళో చాలా ప్రెస్సుల్లో పేజీలు కట్టేది ‘అను ఫాంట్స్’లో, వాటి అక్షర పద్ధతి వేరు. మార్చేటప్పుడు ఒత్తులు జారుతాయి, అరుదైన అక్షరాలు మాయమవుతాయి. మార్చిన తర్వాతి ప్రూఫే చూడాలి, మీరు పంపింది చూసి సరే అనకూడదు. ఉర్దూ అయితే ఇంకా జాగ్రత్త. ఆ సౌకర్యం లేని సాఫ్ట్‌వేర్‌లో అతికిస్తే అక్షరాలు విడివిడిగా, ఎడమ నుంచి కుడికి పడతాయి. ఉర్దూ భాగాన్ని ఉర్దూ తెలిసినవాళ్ళే తయారు చేసి పీడీఎఫ్‌గా ఇవ్వాలి. ఒకే కార్డు మీద తెలుగు, ఉర్దూ, హిందీ మూడూ వేస్తే చాలు, మిగతా భాషల వాళ్ళకి ఫోనులో వాళ్ళ మనిషి చేత చెప్పించండి.

కానుకగా షీల్డులు వద్దని నా గట్టి అభిప్రాయం. అద్దాల బీరువాలు లేని ఇళ్ళలో అవి ఎక్కడ పెట్టాలో తెలియదు. కండువా మంగళగిరి నూలుది తీసుకోండి, నేతగాళ్ళ సహకార సంఘంలో నేరుగా దొరుకుతుంది, పాలిస్టర్ శాలువాలా ఒక పూటకి పరిమితం కాదు. పట్టు తీసుకోకండి, జైనుల్లో కొందరు ముట్టుకోరు. దానికి తోడు కొండపల్లి బొమ్మ ఒకటి. దశావతారాలు కాకుండా ఎడ్లబండి, అంబారీ ఏనుగు, తాటిచెట్టెక్కే గీతకార్మికుడు లాంటివి చెప్పండి. తెల్ల పొణికి కర్రని ఎండబెట్టి, చెక్కి, ముక్కల్ని చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, ఆరాక రంగులు వేస్తారు. 40 బొమ్మలు ఒకే సైజులో కావాలంటే నెల ముందే చెప్పాలి. వారం ముందు వెళ్తే దుకాణంలో ఉన్నవే తలా ఒక రకం తేవాల్సి వస్తుంది, ఎవరి బొమ్మ పెద్దది అన్న పోలిక మొదలవుతుంది. డబ్బు మిగిలితే రెయిన్‌కోటు, టార్చిలైటు ఇవ్వండి.

అనుమతుల్లో పెద్ద చిక్కు లేదు. మైకుకి, సభకి స్థానిక పోలీస్ స్టేషన్‌లో పదిహేను రోజుల ముందు దరఖాస్తు ఇచ్చి రసీదు నకలు ఉంచుకోండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకరు కుదరదు. నివాస ప్రాంతాల్లో పగటి పరిమితి 55 డెసిబెల్స్, ఆసుపత్రి, బడి, కోర్టుల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతం. 300 మందికి రోడ్డు మీద షామియానా వేయడం కంటే హాలే మంచిది. ఖరీదు కాస్త ఎక్కువైనా ట్రాఫిక్ గొడవ, వాన భయం రెండూ పోతాయి. డిసెంబరు మొదట్లో కూడా మనకి తుపాన్లు వస్తాయి, 2023లో మిచాంగ్ డిసెంబరు 5నే బాపట్ల దగ్గర తీరం దాటింది. హాలు చూసేటప్పుడు జనరేటరు ఉందా అని అడిగి ఊరుకోకండి. అది ఫ్యాన్లూ లైట్లతో పాటు మైకుకీ వేదికకీ కూడా పనిచేస్తుందా, ఎన్ని నిమిషాల్లో మారుతుంది అని ఆన్ చేయించి చూడండి. మెట్లు ఎక్కలేని పెద్దవాళ్ళకి వేదిక పక్కన వాలుగా చెక్క వేయించండి. కార్డ్‌లెస్ మైకులు రెండు ఉన్నా, వైరు మైకు ఒకటి వేదిక మీద ఉండాలి.

డబ్బు విషయంలో మన కృష్ణా, గుంటూరు వాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాల్సింది ఒకటుంది. సభ సంగతి తెలియగానే అమెరికా నుంచి పిల్లలు ‘మేం పంపుతాం’ అంటారు. వాళ్ళది ఇంకా భారత పాస్‌పోర్టే అయితే మామూలు బ్యాంకు మార్గంలో పంపిన విరాళం విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ళు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్ళకి మన ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నవాళ్ళు పంపితే అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, కింద రిజిస్ట్రేషన్ లేని కాలనీ సంఘం దాన్ని తీసుకోకూడదు. ప్రేమతో పంపిన పదివేలు సంఘానికి తలనొప్పి కాగలదు. అలాంటివాళ్ళని ఇక్కడున్న పిల్లలతో నాలుగు మాటలు వీడియోలో మాట్లాడమనండి, చాలు. విరాళాలకి వరస నంబర్లున్న రసీదు పుస్తకం వాడండి, ఖర్చు ఇద్దరి సంతకాలతో జరగాలి. దాతల పేర్లు కండువాల మీదా పత్రాల మీదా వేయొద్దు, గుమ్మం దగ్గర ఒక బోర్డు మీద చాలు. సభ అయిన వారంలో లెక్కలు సంఘాలన్నిటికీ పంపండి.

రక్తదాన శిబిరం కూడా అదే రోజు పెడితే ఎలా ఉంటుంది అని అడిగారు. వద్దు. అది లైసెన్సున్న రక్తనిధి వాళ్ళు వచ్చి చేయాల్సింది, పొద్దుటి పూట బాగుంటుంది. దీక్షలో, ఉపవాసాల్లో ఉన్నవాళ్ళకి కళ్ళు తిరుగుతాయి. వేరే రోజుకి పెట్టుకోండి.

సభ అయ్యాక చేతిలో మిగలాల్సింది ఒక పుస్తకం. స్వాగతం బల్ల దగ్గరే ప్రతి ఒక్కరి పేరు, ఫోను, వీధి, రక్తం గ్రూపు, వచ్చిన భాషలు, ఈత వచ్చా, పడవ నడపగలరా, ట్రాక్టరో ట్రాలీ ఆటోనో ఉందా, ఎంతమందికి వండే గిన్నెలున్నాయి అని వాళ్ళ సమ్మతితో రాయించండి. భాషల గడి అన్నిటికంటే ముఖ్యం. నీళ్ళు వస్తున్నాయి, మేడ ఎక్కండి అని తెలుగులో మైకు తిరిగితే షెడ్డుల్లో ఉన్న ఒడియా, హిందీ కూలీలకి అర్థం కాదు. వాళ్ళ భాషలో ఫోను చేసి చెప్పగలిగే మనిషి ఎవరో ఆ పుస్తకం చూస్తే ఒక్క నిమిషంలో తెలియాలి. పది రోజుల్లోపే కమిటీ మళ్ళీ కూర్చుని దాన్ని వీధుల వారీగా విడగొట్టి, ఒక్కో వీధికి ఇద్దరిని పెట్టి, నకళ్ళు వార్డు సచివాలయంలోనూ, గుడి, మసీదు, చర్చి, గురుద్వారాల్లోనూ ఉంచండి. ఏటా జూన్ మొదటి వారంలో, వానలకి ముందు, ఆ నంబర్లన్నిటికీ ఒకసారి ఫోను చేసి మారినవి దిద్దుకోండి. పనివాళ్ళు ఊరు మారినప్పుడల్లా సిమ్ మారుతుంది, కాబట్టి వాళ్ళ పేరు పక్కన మేస్త్రీ నంబరు కూడా రాసి ఉంచండి.